సీసా ఊపి చూసే ఊరు

మా పశువుల ఆస్పత్రిలో ఒకే ఒక్క ఫ్రిజ్ ఉండేది. పైన గడ్డకట్టే అరలో కోళ్లకు వేసే కొక్కెర తెగులు మందు, కింద అరలో గేదెలకు వేసే గొంతువాపు మందు. రెండూ టీకా మందులే. పైన పెట్టాల్సింది పైన పెట్టాలి, కింద పెట్టాల్సింది కింద పెట్టాలి. అందులో పెద్ద బ్రహ్మవిద్యేమీ లేదు. ముప్పై ఏళ్లకు దగ్గరగా పశువుల డాక్టరుగా చేసిన నేను సరిగ్గా ఆ పని దగ్గరే బోర్లా పడ్డాను. ఈమధ్య ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఫోన్ చేసి, "మేడమ్, మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పండి" అంటూ ఉంటారు. గొప్ప కేసులు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను మాత్రం ఇది చెబుతాను, వినండి.

అప్పుడు నాది కంకిపాడు దగ్గర ఒక ఆస్పత్రి. అంతకు ముందు పదేళ్లు కోళ్ల ఫారాలు ఎక్కువగా ఉన్న చోట చేశాను. కోళ్ల మందు ఎంత చల్లగా ఉంటే అంత మేలు, గడ్డ కడితే ఇంకా మేలు. పదేళ్లు అదే పని చేసేసరికి నా చెయ్యి దానంతట అదే పై అర తలుపు మీదికి పోయేది. గేదెల మందు అలా కాదు. అది ఒక్కసారి గడ్డ కట్టిందంటే మళ్లీ కరిగినా పనికిరాదు. ఈ సంగతి నాకు తెలియక కాదు. గన్నవరంలో చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

నా దగ్గర కాంపౌండర్ గారు ఒకాయన ఉండేవారు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆదివారం చర్చి నుంచి ఇంటికి పోకుండా నేరుగా ఆస్పత్రికి వచ్చి పశువుల కట్లు మార్చే మనిషి. మాట తక్కువ. ఆ లోటు తీర్చడానికే అన్నట్టు నన్ను అక్కడ వేశారు. నేను ఆస్పత్రి వరండాలో కేకేస్తే కాలువ అవతలి గట్టు మీద బట్టలుతికేవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. అనుకున్న పని అనుకున్న రోజున అయి తీరాలి, అంతే. ఆ పట్టుదల చూసి పై అధికారులు మెచ్చుకుంటుంటే నేను ఇంకాస్త బిగుసుకునేదాన్ని.

గొంతువాపు గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చే రోగం. తొలకరి వానలు పడి, నేల చిత్తడై, గేదెలు నీరసపడ్డప్పుడు విరుచుకుపడుతుంది. పొద్దున గేదె కుడితి ముట్టదు. మధ్యాహ్నానికి గొంతు కింద వాపు, నోట్లోంచి చొంగ, ఊపిరి తీస్తే గురక. మర్నాటికి గుంజ దగ్గర పలుపు మాత్రం మిగులుతుంది. జ్వరం మొదలైన మొదటి కొద్ది గంటల్లో మందు పడితే బతుకుతుంది, లేకపోతే లేదు. అందుకే వానలకు ముందే టీకా వేసెయ్యాలి.

ఆ ఏడు రోహిణి కార్తెలో విజయవాడ నుంచి మందు వచ్చింది. అదే రోజు లైన్ల మరమ్మతని పొద్దున్నుంచి కరెంటు తీసేశారు. మధ్యాహ్నం కరెంటు వచ్చేసరికి ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. నాకు గాభరా పుట్టింది. సీసాలన్నీ పై అరలో పెట్టమన్నాను. కాంపౌండర్ గారు ఒక సీసా చేత్తో పట్టుకుని ఆగిపోయారు.

"ఇవి కింద అరలోవి కదమ్మా."

"తెలుసండీ! ఒక్క గంట చల్లబడనివ్వండి, తర్వాత దించుదాం. ఈ ఎండకి ఉడికి ఊరుకుంటాయి."

ఆ గంట గడవకముందే, గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చింది. ఇద్దరం బండేసుకుని పరుగెత్తాం. అడ్డం తిరిగిన దూడని సరిచేసి బయటికి లాగేసరికి పొద్దుగూకింది. ఒళ్లంతా బురద, నెత్తురు. అటునుంచి అటే ఇళ్లకు వెళ్లిపోయాం. సీసాల సంగతి నా బుర్రలోంచి పూర్తిగా ఎగిరిపోయింది.

తెల్లారి తలుపు తీస్తే సీసాలన్నీ రాళ్లలా ఉన్నాయి. కాంపౌండర్ గారు వాటిని నీళ్లలో పెట్టారు. కరిగాక ఒకటి తీసుకుని బాగా ఊపి బల్ల మీద నిలబెట్టారు. మంచి మందైతే మజ్జిగలా తెల్లగా కలిసిపోయి చాలాసేపు అలాగే ఉంటుంది. ఇది మేం చూస్తుండగానే విరిగి, తెల్లటి నలకలన్నీ అడుక్కి దిగి, పైన నీళ్లు తేటగా తేలాయి.

"ఇవి పనికిరావమ్మా. విజయవాడ ఫోన్ చేసి కొత్తవి అడుగుదాం."

"ఎప్పుడిస్తారండీ? పదిహేను రోజులకా? ఊళ్లో మైకు పెట్టి చెప్పించాం. గేదెల్ని మేతకి వదలకుండా కట్టేసుకుని కూర్చున్నారు. ఇవాళ పోకపోతే మళ్లీ వాళ్లని ఒక్కచోటికి తేవడం మన వల్ల అవుద్దా?"

"గడ్డ కట్టకూడదని మీరే చెబుతారు గదమ్మా."

"ఇప్పుడు నాకు పాఠాలు చెప్పకండి. కొంచెం అటూ ఇటుగా పనిచేస్తుంది లెండి. పదండి."

ఆయన ఐసుపెట్టె బండికి కట్టారు. నేను వెనక కూర్చున్నాను.

నేను అంత తొందరపడటానికి కారణం ఉంది. టీకా వేస్తే గేదె పాలు తగ్గుతాయని మా వైపు గట్టి నమ్మకం. మేం ఊళ్లోకి వస్తున్నామంటే చాలు, పాడి గేదెల్ని పెరటి దారిన కాలువ గట్టుకి తోలేసి, ఒట్టిపోయిన వాటినీ దూడల్నీ మాత్రం చూపించి, "ఇంతేనండీ మాకున్నవి" అని అమాయకంగా నిలబడేవాళ్లు. ఆ రోజు టీకా వెయ్యాల్సిన ఊళ్లో ఒకావిడ ఉండేది. మూడు గేదెలు పెట్టుకుని, పాల కేంద్రానికి రెండు పూటలా పాలు పోసి ఇల్లు నడుపుకునేది. నేను మనసులో ఆవిడకి 'మూడు గేదెలావిడ' అని పేరు పెట్టుకున్నాను. ఆ ఏడాది వారం ముందునుంచీ ఆవిడ వెంటపడి, బతిమాలి, కోప్పడి ఒప్పించాను. ఆవిడ ఒప్పుకోవడమే కాదు, ఇంటింటికీ తిరిగి అందరికీ చెప్పింది.

"రెండు పూటలు పాలు తగ్గితే తగ్గినయ్. గొంతువాపు వస్తే గేదే ఉండదు. డాక్టరమ్మ గారు అంతలా చెబుతుంటే దాస్తారేంటి? కట్టండి అందరూ!"

అని, తన పాడి గేదెనే అందరికంటే ముందు నా సూది కిందికి తెచ్చింది. మొట్టమొదటిసారి ఆ ఊళ్లో పాడి గేదెలన్నీ టీకా వేయించుకున్నాయి. రిజిస్టరు నిండింది. ఆ సాయంత్రం నేను కాంపౌండర్ గారికి టీ తెప్పించి, "చూశారా, ఆగి ఉంటే ఇది జరిగేదా?" అన్నాను. ఆయన టీ తాగి గ్లాసు కడిగి పెట్టారు.

వానలు మొదలైన వారానికి, పొద్దున్నే మూడు గేదెలావిడ ఫోన్ చేసింది. వెళ్లేసరికి ఆ పాడి గేదె మెడ చాచి నిలబడి ఉంది. గొంతు కింద చెయ్యి పెడితే వేడిగా, గట్టిగా వాపు. గురక గుమ్మం బయటికే వినిపిస్తోంది. రాత్రే పాలివ్వలేదట, వానకి తడిసి నీరసపడిందేమో అనుకుందట. ఉన్న మందులన్నీ వేశాను. ఆవిడ గేదె నుదురు నిమురుతూ నన్ను ఒక్కటే అడిగింది.

"సూదేయించాను గదండీ?"

తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏదో గొణిగి, చెవి నరం నుంచి చుక్క నెత్తురు గాజు పలక మీద తీసుకుని బయటపడ్డాను. మధ్యాహ్నానికి గేదె చనిపోయింది. ఆస్పత్రిలో రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. రెండు చివర్లా రంగు పట్టి మధ్యలో తెల్లగా ఉన్న సన్నటి క్రిములు, చూపు ఆనిన చోటల్లా అవే. ఏ రోగం రాకుండా టీకా వేశానని రిజిస్టర్లో రాసుకున్నానో అదే రోగం. కాంపౌండర్ గారు కూడా వంగి చూశారు. ఊళ్లో ఇంకా నూటికి పైగా గేదెలున్నాయి. వాటిలో ఒక్కదానికీ రక్షణ లేదన్న సంగతి తెలిసినవాళ్లం మేమిద్దరమే.

మర్నాడు విజయవాడ బస్సెక్కి మా పై అధికారి దగ్గరికి వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పి, కొత్త మందు కావాలన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను కాపాడాలనే చూశారు.

"మందు ఇస్తాను, తీసుకెళ్లండి. కానీ ఊళ్లో పాత మందు పాడైందని మాత్రం అనకండి. రచ్చ అవుతుంది, పేపర్లోకి ఎక్కుతుంది. బూస్టర్ డోసని చెప్పి వేసెయ్యండి. ఇక ఫ్రిజ్ చూసుకునేది కాంపౌండరే కదా? ఆయనకి సంజాయిషీ అడుగుతూ ఒక మెమో ఇద్దాం. మీ పేరు రాదు."

నేను తల ఊపాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ క్షణాన గుండె మీంచి బరువు దిగినట్టే అనిపించింది. ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకుని సిటీ బస్సులో కూర్చున్నాను. ఐసు సీసాలకు తగలకుండా మధ్యలో పేపరు మడతలు పెట్టి, స్టాపు స్టాపుకీ మూత తీసి తడిమి చూసుకున్నాను. పక్కనున్నామె చేపలేమో అనుకుని చీర సర్దుకుని అవతలికి జరిగింది. దారి పొడుగునా 'బూస్టర్ డోస్, బూస్టర్ డోస్' అని లోపల వల్లె వేసుకున్నాను.

ఆస్పత్రికి రాగానే కాంపౌండర్ గారు సీసాలు అందుకుని ఒక్కొక్కటీ ఊపి చూసి కింద అరలో పేర్చారు. మెమో సంగతి చెప్పాను. ఆయన ముఖంలో మార్పు లేదు. నాకే ఒళ్లు మండింది.

"ఏమీ అనరేంటండీ? మీ తప్పు లేదని పై ఆయనకి రాసుకోరా?"

"ఏం రాయమంటారమ్మా? చెప్పాల్సిన రోజున చెప్పాను గదా."

అని, ఫ్రిజ్ కింద అర మూలలోంచి విడిగా చుట్టిపెట్టిన సీసా ఒకటి తీసి చూపించారు. "ఆ రోజు మిగిలింది ఒకటి అట్టేపెట్టాను. ఎప్పటికైనా ఎవరికో చూపించాల్సి వచ్చిద్దని."

ఎవరికి చూపించాల్సి వస్తుందో ఆయన అనలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున పాల కేంద్రం దగ్గరికి వెళ్లాం. ఊళ్లో అందరూ ఒక్కచోట దొరికేది అక్కడే. క్యాన్లు, చెంబులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కేంద్రం ఆయన ఒక్కొక్కరి పాలలో లాక్టోమీటర్ వేసి చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఇవాళ అందరి గేదెలకీ ఇంకో డోసు వెయ్యాలి. బూస్టర్ డోసు. ఎవరూ మేతకి తోలకండి."

వరసలో గుసగుసలు లేచాయి. ఒకాయన పాల చెంబు కింద పెట్టేశాడు.

"మొన్న సూదేస్తేనే గేదె పోయింది. మళ్లీ వేసి ఊరంతా ఖాళీ చేస్తారా ఏంటండీ?"

"అవును మరి, సూదితోనే రోగం ఎక్కిందేమో!"

"మేం వేయించం గాక వేయించం. పదండ్రా."

మూడు గేదెలావిడ వరస చివర్లో ఉంది. చేతిలో క్యాను బదులు చిన్న చెంబు. అందరూ సద్దుమణిగేదాకా ఆగి మెల్లిగా అంది.

"బూస్టరంటే ముందు వేసింది పనిచేస్తే దాని మీద వేసేది గదండీ. మొన్న వేసింది ఏమైంది? అది చెప్పండి. నా మాట మీద వీళ్లంతా కట్టేశారు. నాకు ఇంకా రెండున్నయ్, ఒకటి చూడిది. ఏమైందో తెలియకుండా నేను మళ్లీ కట్టను."

నేను చెప్పకపోతే ఆ ఊళ్లో ఒక్కరూ గేదెని తీసుకురారు. తీసుకురాకపోతే ఆ వానల్లో ఎన్ని పోతాయో నాకు తెలుసు. కాంపౌండర్ గారి వంక చూశాను. ఆయన లాక్టోమీటర్ని చూస్తూ నిలబడ్డారు. నన్ను ఇరికించాలనీ లేదు, కాపాడాలనీ లేదు. నా గొంతు అంత చిన్నదిగా అంతకు ముందెప్పుడూ నేను వినలేదు.

"మొన్న వేసింది పాడైపోయిన మందు. గడ్డ కట్టింది. గడ్డ కట్టించింది నేను. వద్దని ఈయన చెప్పారు, నేను వినలేదు. పనికిరాదని తెలిసి కూడా తెచ్చి వేశాను. మీ గేదెకి రోగం సూదివల్ల రాలేదమ్మా. నా సూదిలో మందే లేదు. తప్పు నాది."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఏమేం అన్నారో ఇక్కడ రాయను. అన్నీ న్యాయమైన మాటలే. ఒక ముసలాయన నా ముఖం మీదే, "ఇంత చదువు చదివి ఇదేం పనమ్మా?" అన్నాడు. నిలబడి విన్నాను. నోరు మూసుకుని ఎదుటివాళ్ల మాట వినడం నాకు ఆ రోజే అలవాటైంది.

మూడు గేదెలావిడ మాత్రం అరవలేదు. ఆవిడ కళ్లనిండా నీళ్లున్నాయి.

"ఈసారిది గడ్డ కట్టలేదని నాకెట్టా తెలిసిద్ది?"

కాంపౌండర్ గారు అప్పుడు కదిలారు. అట్టేపెట్టిన పాత సీసా ఒకటి, కొత్త సీసా ఒకటి తీసి ఆవిడ చేతుల్లో పెట్టారు. "ఊపమ్మా, రెండూ ఒక్కసారే ఊపు." ఆవిడ ఊపింది. రెండింటినీ పాలు కొలిచే బల్ల మీద పక్కపక్కన నిలబెట్టారు. వరస చెదిరి అందరూ బల్ల చుట్టూ మూగారు. వాళ్లంతా రోజూ చెంబులో పాలు తిప్పి చూసి ఎన్ని నీళ్లు కలిశాయో చెప్పగల మనుషులు. వాళ్లకి నేను ఏమీ వివరించక్కర్లేకపోయింది. పావుగంటలో పాత సీసాలో తెల్లదంతా అడుక్కి దిగి పైన నీళ్లు తేలాయి. కొత్తది చిక్కగా అలాగే ఉంది.

"విరిగిపోయిందయితే," అన్నాడు కేంద్రం ఆయన. ఆ ఒక్క మాటా నా చదువంతా చెప్పలేనిది చెప్పింది.

మూడు గేదెలావిడ రెండు సీసాల్నీ చాలాసేపు చూసింది. "సరే. నా గేదెలకి వేయండి. ముందు వాటికే వేయండి. కానీ పెట్టెలోంచి తీసిన ప్రతి సీసా నా చేతికియ్యాలి. నేను ఊపి చూసినాకే సూది."

అలాగే చేశాం. ఆ రోజంతా ఆవిడ మాతోపాటు ఇంటింటికీ తిరిగింది. ప్రతి సీసా ఊపి, వెలుగుకి ఎత్తి పట్టుకుని, ఏదైనా దిగుతుందేమోనని కనిపెట్టి చూసి, "ఊ, కానీయండి" అనేది. నా జీవితంలో నా పని మీద అంత కఠినమైన ఇన్‌స్పెక్షన్ ఎవరూ చెయ్యలేదు.

టీకా వేసినంత మాత్రాన ఆ రోజే రక్షణ రాదు, రెండు వారాలైనా పడుతుంది. ఆ రెండు వారాలూ జ్వరం మొదలైన గంటల్లోనే పట్టుకోవాలి. అందుకని నేనూ కాంపౌండర్ గారూ తెల్లవారుతూనే ఒకసారి, సాయంత్రం పాలు పిండేవేళ ఒకసారి, ఊళ్లో ప్రతి గేదెకీ థర్మామీటర్ పెట్టాం. వాన పడితే గొడుగు పట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు, తడిశాం. బురదలో నా చెప్పులు రెండు జతలు పోయాయి. గేదెలు తన్నాయి, తోకలతో కొట్టాయి. అయినా ఒక్క పూట కూడా మానలేదు. మొండితనం నాకు పుట్టుకతో ఉన్నదే, ఈసారికి మాత్రం దాన్ని సరైన పనికి కట్టాను.

ఆ రెండు వారాల్లో ఇంకో రెండు గేదెలు పోయాయి. ఒకటి మేం వెళ్లేలోపే, ఒకటి మందు వేసినా. నాలుగో రోజు సాయంత్రం మూడు గేదెలావిడ చూడి గేదెకి జ్వరం చూపించింది. నెమరు ఆపేసింది, చెవులు వాల్చేసింది. వాపు ఇంకా రాలేదు. అక్కడికక్కడే మందు వేసి, ఆ పూట వేరే ఇళ్లు కాంపౌండర్ గారికి వదిలేసి నేను అక్కడే గుంజ దగ్గర కూలబడ్డాను. కాసేపయ్యాక ఆవిడ లోపలికెళ్లి, నాకో పీట తెచ్చి వేసింది. మర్నాడు మధ్యాహ్నానికి గేదె మూతి కదిలింది. నెమరు వేస్తోంది. ఆవిడ దాని మెడ పట్టుకుని బోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది?

మెమో సంగతా? కాంపౌండర్ గారికి వెళ్లాల్సిన దాన్ని నాకు తెప్పించుకున్నాను. జవాబు నేనే రాశాను, అరపేజీ. పై ఆయనకి నా మీద కోపం వచ్చింది, చాన్నాళ్లు మాట్లాడలేదు. కాంపౌండర్ గారు ఆ జవాబు చదివి, "గడ్డ కట్టిన తేదీ తప్పు పడిందమ్మా" అని మాత్రం అన్నారు. దిద్ది పంపాను. ఆయన రిటైరయ్యే రోజున నాలుగు మాటలు మాట్లాడమంటే నేను లేచి, ఏమీ మాట్లాడలేక కూర్చున్నాను. అందరూ ఆశ్చర్యపోయారు.

మొన్నీమధ్య ఆ ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మాయి ఫోన్ చేసింది. వానలకు ముందు టీకాల పని నడుస్తోందట. గొంతులో విసుగు.

"మేడమ్, ఇక్కడ ఒక ఊరుంది. ఇదేం పద్ధతో నాకర్థం కావట్లేదు. పాల కేంద్రం దగ్గర ఆడవాళ్లంతా బల్ల చుట్టూ నిలబడి, ప్రతి సీసా వాళ్ల చేతికివ్వందే సూది వెయ్యనివ్వరు. ఊపుతారు, వెలుగులో చూస్తారు, కాసేపు ఆగమంటారు. మనం డాక్టర్లమా, వాళ్లు డాక్టర్లా? నమ్మకం లేకపోతే ఎలా మేడమ్? చాలా అవమానంగా ఉంది."

"పాడి గేదెల్ని దాచిపెడుతున్నారా?"

"లేదు మేడమ్, అదే విచిత్రం. అన్నీ తెచ్చి కడతారు. సీసా దగ్గరే పేచీ."

నేను ఒక్కటే అడిగాను.

"వాళ్ల చేతికి ఇచ్చే ముందు, నువ్వు ఊపి చూశావామ్మా?"

అవతల ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు వినిపించింది.